తొమ్మిదో పేరు

నాలుగింటికి వస్తానన్న మనిషి నాలుగింటికే వస్తే ఇంక నాయకుడెట్లా అవుతాడు, అనుకుంది హెలెన్. స్టేజీ అంటే మరేం లేదు, రెండు ట్రాక్టరు ట్రాలీలను పక్కపక్కన నిలిపి పైన పట్టా పరిచారు. దాని మీద ఏడు కుర్చీలు, నడిమి కుర్చీకి తెల్ల తువ్వాలు, ఆ తువ్వాలు కుర్చీ పక్కనే ఆమెను కూర్చోబెట్టారు. మే నెల ఎండ షామియానా గుడ్డలోంచి ఎర్రగా దిగి కింద కూర్చున్న పాలెం జనం మొహాలన్నిటికీ జ్వరం వచ్చిన రంగు పూస్తోంది. మైకు సెట్టులో పాట, నీళ్ళ కోసం జైలుకు పోయిన బిడ్డ మన మాల్యాద్రన్న అని, పొద్దుటినుంచి అదే తిరిగి తిరిగి వస్తోంది, ఆ బిడ్డకు ఇప్పుడు యాభై దాటాయి, మోకాళ్ళ నొప్పులకు హైదరాబాదు పోయి వస్తున్నాడని చెప్పుకుంటారు. వెనక ఫ్లెక్సీ. అందులో పాత ఫోటో, రోడ్డు నిండా ఖాళీ బిందెలు, ముందు గడ్డంతో మాల్యాద్రి, పైకెత్తిన పిడికిలి. ఆ ఫోటోలో అతని పక్కన నిలబడింది హెలెనే. ఫ్లెక్సీ కొలతకు కత్తిరించినప్పుడు మనిషి పోయి చెయ్యి ఒకటి మిగిలింది, మట్టిగాజులతో, బిందె అంచు పట్టుకుని. చూసినవాళ్ళు ఎవరి చెయ్యో అనుకుంటారు. ఇంటి దగ్గర అద్దంలో చూసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, ఫోను రవికలో దోపుకుని ఇక్కడికి వచ్చేటప్పుడు కూడా రావాలా వద్దా అని ఆమెకు తేలలేదు. కాళ్ళు వచ్చాయి కాబట్టి వచ్చింది.

ఫోను వెచ్చగా తగులుతోంది. ఎండకు వేడెక్కిందో, లోపలున్న కాగితానికి వేడెక్కిందో. పన్నెండింటికి బ్రహ్మం ఫోను చేశాడు. మార్కాపురం కోర్టులో వాళ్ళ లాయరు దగ్గర గుమాస్తా, పద్దెనిమిదేళ్ళుగా వీళ్ళ నీళ్ళ ఉద్యమం కేసు కట్టను చంకలో పెట్టుకుని తిరిగేవాడు, ఎవరి మీదా ఒక మాట అనని మనిషి. అక్కా, నువ్వు సాయంత్రం స్టేజీ ఎక్కుతుండావంట, ఉండబట్టలేక చెప్తుండా, అన్నాడు. పోటీ చేసే వాళ్ళంతా నామినేషన్‌తో పాటు ప్రమాణ పత్రం ఇయ్యాల గదా, ఆస్తులెంత, కేసులెన్ని అని, అది ఆఫీసు బోర్డుకు అంటించినారు, నేను వేరే పని మీద పోయి చదివినా, ఒకసారి నీ కండ్లతో చూడు, అని ఫోటో పంపాడు. హెలెన్ పదో తరగతి. చదివింది. నా మీద ఎలాంటి క్రిమినల్ కేసులూ పెండింగులో లేవు. కింద మాల్యాద్రి సంతకం, అదే సంతకం, చివర మెలికతో. ఆమె తిరిగి ఫోను చేసి, అదేంది తమ్ముడూ, ఆయన కేసు బెజవాడ కోర్టులో నడస్తాంది గదా, రాసేటోళ్ళు మరిచినారేమో అంది. బెజవాడా లేదు ఏమీ లేదక్కా. ఆరేళ్ళ కిందట పార్టీ మారినాడు జూడు, అప్పుడే జీవో వచ్చింది, ఆయన మీద ప్రాసిక్యూషన్ ఎత్తేస్తా ఉండామని. ఆయనొక్కడి పేరే. నిన్ననే ఆ కాయితం గూడ చూసినా. మీ ఏడుగురి పేర్లూ అందులో లేవక్కా.

ఆయనొక్కడి పేరే. ఈ మాటను ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఎన్నిసార్లు అనుకుందో, అన్నం అడుగంటింది. ఒకరి పేరు రాసి మిగతావాళ్ళ పేర్లు ఎట్లా మరిచిపోతారు? పేర్లు రాయడం ఎంత పనో హెలెన్‌కు తెలియనిది కాదు. ఆ ఉద్యమంలో పేర్లు రాసిందే తను. అప్పుడు పాలెంలో ఉన్నది ఒక్కటే బోరింగు, దాని ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి పిల్లల పళ్ళు గార పట్టేవి, పెద్దవాళ్ళ ఎముకలు బిగుసుకుపోయేవి. మొగుడు జోసెఫ్‌కు ముప్పై అయిదేళ్ళకే మెడ పట్టేసి, పక్కన మనిషిని చూడాలన్నా ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేది, చర్చిలో వెనకవరసలో కూర్చుంటే పాస్టరును తప్ప ఇంకెవరినీ చూడలేని మనిషి, తర్వాత కేసు నడుస్తుండగా అట్లాగే పోయాడు. మంచినీళ్ళ ట్యాంకర్లు వస్తాయని కాగితాల్లో ఉండేది, దారిలోనే ఎక్కడో మాయమయ్యేవి. అట్లాంటి రోజుల్లో త్రిపురాంతకం బస్సు దిగి వచ్చాడు మాల్యాద్రి, చంకలో గుడ్డసంచి, కాళ్ళకు హవాయి చెప్పులు, ఒక చెప్పుకు పిన్నీసు. ఏ కులం వాడో ఎవరూ అడగకముందే హెలెన్ ఇంటి అరుగు మీద కూర్చుని, చెల్లెమ్మా, మీ బోరింగు నీళ్ళే ఇయ్యి, అన్నాడు. చుట్టాలకని కొన్న క్యాన్ నీళ్ళున్నాయన్నా అంటే, మీరు తాగేవే నేనూ తాగతా, అని గటగటా రెండు చెంబులు తాగాడు. ఆ రెండు చెంబుల నీళ్ళకు పాలెం పాలెం పడిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది కానీ అప్పుడు ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పింది, దేవుడు మనకోసం ఒక మనిషిని పంపినాడు అని. హెలెన్ సాక్ష్యం అంటే పాలెంలో అందరూ తలెత్తి వింటారు. కొందరు సాక్ష్యం చెప్తే జ్వరం తగ్గిన సంగతి చచ్చి బతికిన సంగతి అవుతుంది. ఆమె ఉప్పూ కారం కలపదని పేరు.

ఆ పేరు కోసమే ఇప్పుడు ఈ కుర్చీ. మొన్న మండల నాయకుడు గోపాలకృష్ణ కారు దిగి ఇంటికి వచ్చి చెప్పాడు. ఎలెనమ్మా, పాలెంలో రెండొందల నలభై ఓట్లు, పార్టీలు మారినాడని జనం అన్న మీద కొంచెం అనుమానంగా ఉండారు, పాత సంగతులు నువ్వు చెప్తే నమ్ముతారు, మీ చర్చిలో సాక్ష్యం చెప్తారే, అట్ల చెప్పు. అన్న గెలిస్తే నెల తిరక్కుండా మీ కేసు ఎత్తేపిస్తాడు. ఆ చివరి మాట విని ఆమె మనసు ఎంత ఎగిరిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. తన కోసం కాదు. తనకు పోయిందేదో ఎప్పుడో పోయింది, అంగన్‌వాడీలో ఆయా ఉద్యోగం చేతిదాకా వచ్చి, పోలీసు స్టేషన్‌లో కేసుందని కాగితం రాగానే వేరొకామెకు పోయింది, సరే. ఆమె ఎగిరింది మరిది శ్యాంసన్ కోసం.

అదుగో, దుమ్ము లేచింది, వచ్చేస్తున్నట్టున్నారు, అని జనం లేచారు. లారీ. మళ్ళీ కూర్చున్నారు. స్టేజీ కింద నీళ్ళ క్యాన్లు పేర్చారు, ఒక్కో క్యాను మీద మాల్యాద్రి నవ్వు, నవ్వులో పళ్ళు తెల్లగా తళతళా. రెండు చెంబుల నీళ్ళ పళ్ళు. నిజం చెప్పాలంటే దీక్ష నడిచిన ఆ పదకొండు రోజులూ అతను ఆ నీళ్ళే తాగాడు, అందులో అబద్ధం లేదు, అదే కదా బాధ, అంతా అబద్ధమైతే ఒక్క తిట్టు తిట్టి ఇంటికి పోవచ్చు. రోడ్డు పక్కన తాటాకు పందిరి వేసి, రోజుకు తొమ్మిదిమంది నిరాహార దీక్షకు కూర్చునేవాళ్ళు. ఈరోజు కూర్చున్నవాళ్ళు రేపు తింటారు, రేపు వేరే తొమ్మిదిమంది. పేపరు వాళ్ళకు లెక్క కావాలి చెల్లెమ్మా, తొమ్మిది అంటే తొమ్మిది ఉండాల, తగ్గితే ఉద్యమం చల్లబడిందని రాస్తారు, అనేవాడు. అందుకని ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి హెలెన్‌కిచ్చాడు. ఏ రోజు ఎవరు కూర్చున్నారో పేరు, తండ్రి పేరు, వయసు, ఎదురుగా సంతకమో వేలిముద్రో. ఆమె గీతలు కొట్టి, ఎర్ర పెన్నుతో తేదీలు వేసి, పెండ్లి పత్రిక రాసినంత శ్రద్ధగా రాసింది. నీ అక్షరం ముత్యం గదా చెల్లెమ్మా అని మాల్యాద్రి మెచ్చుకుంటే ఆ రోజు ఆకలి కూడా వేయలేదు. రిజిస్టరు పెట్టుకుని మరీ ఉద్యమం చేసిన పిచ్చివాళ్ళు తాము తప్ప ఇంకెవరుంటారు? పదకొండో రోజు పొద్దున ఎవరో ఆఫీసరు జీపు వచ్చింది, ఆడవాళ్ళు బిందెలతో అడ్డం పడుకున్నారు, తోపులాట, ఎక్కడినుంచో రాయి, జీపు అద్దం భళ్ళుమంది. రాయి ఎవరు వేశారో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. పోలీసులు పందిరి పీకి, నోటుబుక్కు తీసుకుని, ఆ రోజు పేజీ తెరిచారు. పైనుంచి కిందికి తొమ్మిది పేర్లు, ముత్యాల్లాంటి అక్షరాలు. వాళ్ళు వెతికే పనే లేకపోయింది. మొదటి పేరు మాల్యాద్రి, ఏ-వన్. రెండోది తను, ఏ-టూ. మూడోది మేకలు కాసే చెంచమ్మ, ఏ-త్రీ. అట్లా తొమ్మిదోది శ్యాంసన్.

జైల్లో ఉన్న పదిహేను రోజులూ ఆమెకు భయం వేయలేదు, వింతగా గర్వంగా ఉంది. బయటికి వచ్చిన రోజు దండలు, డప్పులు, మాల్యాద్రి బస్టాండు దిమ్మె ఎక్కి, ఏ-వన్ నేనే, దెబ్బ పడితే ముందు నా మీదనే పడతాది, నా తరవాతే మీరంతా, అన్నాడు. మొదటి మూడేళ్ళు అన్నట్టే చేశాడు. వాయిదాకు అందరితో పాటు బస్సులో వచ్చేవాడు, కోర్టు ఆవరణలో కానుగ చెట్టు కింద సద్ది మూటలు విప్పితే చెంచమ్మ తెచ్చిన జొన్నరొట్టె లాక్కుని తినేవాడు. ఆ తర్వాత ఒక పార్టీ, ఇంకో పార్టీ, జడ్పీటీసీ, ఏదో కార్పొరేషన్ డైరెక్టరు. వాయిదాకు అతని బదులు లాయరు కాగితం వచ్చేది. ఒకరోజు తనే ఇంటికి వచ్చి, చెల్లెమ్మా, నాయకుల కేసులన్నీ బెజవాడకు మార్చినారు, నా కేసు వేరే చేసినారు, నేను ఆడ తిరగతా ఉంటా, మీరు ఈడ తిరగండి, ఇద్దరం కలిసి గెలుద్దాం, అని నవ్వాడు. హెలెన్ నమ్మింది. నమ్మడమే కాదు, పైగా జాలిపడింది, పాపం అంత దూరం ఒంటరిగా తిరుగుతున్నాడే అని, ప్రార్థనలో అతని పేరు చేర్చింది. దేవుడు ఆ ప్రార్థన విని ఏమనుకుని ఉంటాడో. ఎన్ని వాయిదాలు, జడ్జీలు మారారు, సాక్షులు రాలేదు, జీపులో కూర్చున్న ఆఫీసరు రిటైరయ్యాడు. చెంచమ్మ చచ్చిపోయాక కూడా రెండు వాయిదాల్లో బంట్రోతు తలుపు దగ్గర నిలబడి ఆమె పేరు మూడేసిసార్లు పిలిచాడు, చనిపోయిన సర్టిఫికెట్ ఇచ్చిందాకా పిలుస్తూనే ఉంటారంట. పిలిచినప్పుడల్లా మిగతావాళ్ళంతా తల వంచుకున్నారు. ఆ ముసలిదాని పేరుకు కూడా ఒక జీవో రాయించలేకపోయాడా? ఆమె రొట్టె తిన్నాడు కదా.

కోపం ఒకపక్కే తిరిగితే బాగుండేది. మాల్యాద్రి మీదికి పోయిన కోపం గోడకు కొట్టిన బంతిలాగా తిరిగి ఆమె దగ్గరికే వస్తోంది, పొద్దుటినుంచి అదే తంతు. అతను ఒక పేరు తీసేయించుకున్నాడు, నువ్వు? నువ్వు ఒక పేరు చేర్చలేదా? పద్దెనిమిదేళ్ళలో ఆమె ఈ సంగతి జోసెఫ్‌కు చెప్పలేదు, పాస్టరుకు చెప్పలేదు, చర్చిలో అన్ని సాక్ష్యాలు చెప్పిన మనిషి ఈ ఒక్కటి గొంతు దాటనివ్వలేదు. పదకొండో రోజు పొద్దున మిరపకోతలకు పిలుపు వచ్చి జనం చేలకు పోయారు, పందిట్లోకి వచ్చింది ఎనిమిదిమందే. పేపరాయన వచ్చే వేళయింది. మాల్యాద్రి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ ఆమె వైపు చూశాడు, అంతే, ఏమీ అనలేదు. తొమ్మిదో గీత ఖాళీగా ఉంది. ఆమె చెయ్యి ఊరుకోలేదు. శ్యాంసన్, తండ్రి ఇస్సాకు, పందొమ్మిదేళ్ళు, అని రాసింది. ఎదురుగా సంతకం కూడా తనే గీసింది, వాడి స్కూలు పుస్తకాల మీద చూసిన సంతకమే. శ్యాంసన్ ఆ రోజు ఊళ్ళోనే లేడు. అర్ధవీడులో మేనత్తకు బాగాలేదంటే చూడ్డానికి పోయి, మర్నాడు బస్సు దిగుతూనే పోలీసులకు దొరికాడు. వాడు పోలీసు స్టేషన్ వరండాలో, నేను యాడనో ఉంటే నా పేరు ఎట్ల రాసినారు వదినా, అని ఏడ్చాడు. వాళ్ళకేమయ్యా, ఎవురి పేరన్నా రాస్తారు, అంది. ఆ మాట నోటినుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. తర్వాత లాయరు మాటల మధ్యలో, ఆ సంతకం శ్యాంసన్‌ది కాకపోతే దొంగ సంతకం పెట్టినవాళ్ళ మీద ఇంకో కేసవుతుంది, అన్నాడు. ఆ రోజునుంచి ఆమె ఆ సంతకం మాట ఎత్తలేదు.

శ్యాంసన్ డ్రైవింగు నేర్చుకుని కువైట్‌కు వీసా తెచ్చుకున్నాడు. పాస్‌పోర్టు పోలీసు విచారణ దగ్గర ఆగిపోయింది. రెండోసారి కూడా అట్లాగే ఆగింది. అతనితో నేర్చుకున్నవాళ్ళు కువైట్‌లో నౌకరీ చేసి వచ్చి స్లాబు ఇళ్ళు కట్టుకున్నారు, ఆ స్లాబులకు సెంట్రింగు కొట్టడానికి హైదరాబాదు నుంచి మేస్త్రీ కింద వచ్చింది శ్యాంసన్. ముప్పై ఏడేళ్ళు. పెండ్లి ఆలస్యమైంది, కేసున్న వాడని. ఎన్నికలకు ఊరికి వచ్చి నాలుగు రోజులుగా హెలెన్ చేతి అన్నమే తింటున్నాడు, వచ్చినప్పుడల్లా వదినకు ఒక చీర తెస్తాడు, ఈ కట్టుకున్నది కూడా వాడు తెచ్చిందే. ఇప్పుడు ఆమె నోరు తెరిచి నాలుగు మంచి మాటలు చెప్తే వాడి పేరు పోతుంది. ఆ గీత మీద తను రాసింది మాల్యాద్రి చేత్తో కొట్టివేయించవచ్చు, ఎవరికీ ఏమీ తెలియకుండా. ఏమవుతుంది, ఒక్క అబద్ధం, అదీ పూర్తి అబద్ధం కూడా కాదు, రెండు చెంబుల నీళ్ళు తాగిన మాట నిజమే కదా. చెప్పెయ్ హెలెనూ. చెప్పి దిగిపో. కానీ ఆ ఒక్కడి పేరే, ఆ ఒక్కడి పేరే అని లోపల ఒకటే పోరు.

మెడలో కండువాతో శ్యాంసన్ స్టేజీ ఎక్కి వచ్చాడు, చేతిలో నీళ్ళ సీసా. "తాగు వదినా, మొగమంతా పీక్కపోయింది. గిద్దలూరు రోడ్డులో ర్యాలీ అంట, ఇంకో పదైదు నిమిషాలు."

ఆమె సీసా తీసుకోలేదు. రవికలోంచి ఫోను తీసి ఫోటో తెరిచి చేతికిచ్చింది. వాడు చదివాడు, చదివి ఆమె వైపు కాకుండా కింద జనం వైపు చూశాడు. ఆశ్చర్యపడాల్సిన మొహం ఆశ్చర్యపడలేదు.

"నీకు తెలుసా?"

"తెలుసు వదినా."

"ఎప్పటినుంచి?"

"రెండేండ్లాయ. పాస్‌పోర్టు కోసరం ఆయన కాడికి పోయినా. కేసు ఎట్ల తీసేస్తారో ఆయనే చెప్పినాడు, నాది తీపించుకున్నా, మీవి గూడ తీపిస్తా, ఈ ఎలక్షన్ కానీయి, అన్నాడు. మిగతావోళ్ళకు గూడ తెలుసు."

"అందరికీనా?"

"నీకు తప్ప." వాడు గొంతు తగ్గించాడు. "నీకు చెప్తే నువ్వు మైకు పట్టుకోవని అందరం అనుకున్న్యాం. నువ్వు చెప్తేనే గదా పాలెం నమ్మేది. తప్పే వదినా. కానీ నాకు ఇంగ వయసు లేదు. నలభై దాటితే ఆ దేశాలోళ్ళు తీసుకోరు."

సీసా ఆమె ఒళ్ళో పెట్టి దిగిపోయాడు. నీకు తప్ప. ఏడుగురూ ఒకే బస్సులో వాయిదాలకు పోయారు, ఒకే చెట్టు కింద తిన్నారు, రెండేళ్ళుగా ఆరుగురు ఒక సంగతి మింగి ఆమె ముందు చేతులు కడుక్కున్నారు. ఆమె మంచితనాన్ని పనిముట్టులాగా దాచిపెట్టి, అవసరానికి బయటికి తీశారు. మాల్యాద్రి మోసం చేస్తే అతను నాయకుడు అనుకోవచ్చు. వీళ్ళెవరు? వీళ్ళు తనవాళ్ళు. పొద్దుటినుంచి రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది, ఇంతమందిలో ఏడిస్తే ఆనందబాష్పాలని ఫోటో తీస్తారని మింగేసింది. వాడిని తిట్టాలని నోటిదాకా వచ్చింది. తిట్టడానికి తనకు ఏం మొహం ఉంది? వాడు రెండేళ్ళు దాచాడు, తను పద్దెనిమిదేళ్ళు. వాడికి తెలిసిన దాంట్లో వాడి తప్పు ఇంత, తెలియని దాంట్లో తనది కొండంత. ఇప్పుడు మాల్యాద్రిని పొగిడి వాడి పేరు కొట్టివేయిస్తే వాడు బతికినన్నాళ్ళూ ఆ మనిషికే దండం పెడతాడు, పేరు రాసిన వదినకూ చీరలు తెస్తాడు. ఆ చీరలు ఎట్లా కట్టుకోవడం? ఒంటిమీద ఉన్నదే ముళ్ళలాగా గుచ్చుతోంది.

డప్పులు. ఈసారి లారీ కాదు. పది కార్లు, ముందు బైకులు, పూలు, టపాసులు, దుమ్ములోంచి మాల్యాద్రి చేతులు జోడించుకుని వచ్చాడు, స్టేజీ ఎక్కడానికి ఇద్దరు పట్టుకున్నారు, ఎక్కగానే నేరుగా ఆమె దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. సెంటు వాసన. చెల్లెమ్మా, బాగుండావా, అన్న కళ్ళల్లో నిజంగానే తడి ఉంది, అదీ విచిత్రం, ఈ మనిషికి ప్రేమ కూడా ఉంది. కుర్చీలో కూర్చోకుండానే మైకు తీసుకున్నాడు. నేను ఏ పార్టీలో ఉండానని అడగొద్దు, నేను మీ బోరింగు నీళ్ళు తాగినోన్ని, మీకోసరం జైలు అన్నం తిన్నోన్ని, ఏ-వన్ ముద్దాయిని అని గర్వంగా చెప్పుకుంటా, అన్నాడు. జనం ఈలలు వేశారు. నేను చెప్పేది గాదు, నా చెల్లెలు చెప్తాది, ఆమె అబద్ధం ఆడదని మీకే తెలుసు, అని మైకు ఆమె చేతిలో పెట్టాడు. మైకు అతని చేతి చెమటతో తడిగా ఉంది. కింద ముందువరసలో ఆరుగురూ ఉన్నారు. శ్యాంసన్ చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితం వినేవాడిలాగా నిలబడ్డాడు. ఫోనులన్నీ పైకి లేచాయి.

"అందరికీ వందనాలు," అంది హెలెన్. గొంతు తనది కానట్టు ఎదురుగా ఉన్న చర్చి గోడకు తగిలి వెనక్కి వచ్చింది. "మాల్యాద్రన్న మన నీళ్ళు తాగినాడు. అది నిజం. జైలుకు వచ్చినాడు, అదీ నిజం. ఇప్పుడు ఆయన మీద కేసు లేదు. ఆరేండ్ల కిందటే తీపించుకున్నాడు, ఆయనొక్కడిది. చెంచమ్మ చచ్చిపోయింది, ఏడుమందిమి ఇంకా తిరగతానే ఉండాం. నాకు ఈ పొద్దే తెలిసింది." పక్కన గోపాలకృష్ణ లేచాడు, మాల్యాద్రి నవ్వు చెదరకుండా చేత్తో అతన్ని ఆపాడు. "ఇంకోటి ఉండాది. దీంతో ఆయనకు సంబంధం లేదు. మా శ్యాంసన్ ఆ పొద్దు పందిట్లో లేడు. అర్ధవీడులో ఉండాడు. వాని పేరు రాసింది పోలీసోళ్ళు గాదు. తొమ్మిది కావాలని నేను రాసినా. సంతకం గూడ నేనే పెట్టినా. ఈ మాట యాడైనా చెప్తా."

అంతే చెప్పింది. ఓటు వెయ్యమనలేదు, వద్దనలేదు. కింద ఎవరి చేతిలోనో పసిబిడ్డ ఏడ్చింది. మాల్యాద్రి నెమ్మదిగా, చెల్లెలి చేతిలోంచి తట్ట అందుకున్నంత మర్యాదగా మైకు అందుకున్నాడు. "చూసినారా? చూసినారా తల్లులారా! మైకు ముందర తన తప్పు తానే ఒప్పుకునే మనిషిని ఏ పార్టీలోనన్నా చూసినారా? ఇట్లాంటోళ్ళను తయారు చేసింది మన ఉద్యమం! నా కేసు తీపించుకున్నా, దాపరికమేముంది, దారి తెలిసినోడే గదా నలుగురికీ దారి చూపేది! జూన్ నెలలో అందరివీ తీపిస్తా. ఈ శ్యాంసన్‌ను కువైట్ ఇమానం ఎక్కించే పూచీ నాది!" ముందు గోపాలకృష్ణ చప్పట్లు కొట్టాడు, వెనక అయిదుగురు కొట్టారు, ఆ వెనక పాలెమంతా కొట్టింది. డప్పు మొదలైంది. ఎవరో ఆమె మెడలో కండువా వేశారు. ఆమె చెప్పిన ప్రతి మాటా అతనికే చేరింది. పద్దెనిమిదేళ్ళు దాచుకున్నది కూడా.

ఆమె కండువా తీసి కుర్చీ మీద పెట్టి ట్రాలీ దిగింది. ఎవరూ గమనించలేదు, అందరూ అతని చుట్టూ ఉన్నారు. చప్పట్లు కొట్టనిది ఒక్క శ్యాంసనే. ట్రాలీ చక్రం పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె ఎదురుగా వచ్చి ఆగితే మొహం చూడలేదు, ఆమె భుజం మీదుగా రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"మా జోసెఫన్నకు తెలుసునా?"

"తెలీదు. ఎవురికీ తెలీదు."

"వాయిదా ఎప్పుడు?"

"ఇరవై రెండు."

"జడ్జి ముందర చెప్తావా?"

"చెప్తా."

"నీ మీద ఇంకో కేసయితాది."

"కానీలే."

వాడు తల ఊపాడు. ఊపి అట్లాగే నిలబడ్డాడు. హెలెన్ అతని చేతిని పట్టుకోబోయి, పట్టుకోలేక, నోటికి అలవాటైన మాట అంది. "పొద్దు గూకతాంది. ఇంటికి రా, అన్నం పెడతా."

"నువ్వు తిను వదినా," అన్నాడు శ్యాంసన్. "నేను త్రిపురాంతకంలో తినేసి, అట్లనే హైదరాబాదు బస్సెక్కతా."

ఓటు ఎల్లుండి. ఆమె ఆ మాట గుర్తు చేయలేదు.